నోరున్నవాళ్లం

ఖమ్మం జిల్లాకు నోరు లేదని ఎవరూ అనలేరు. సాయుధ పోరాటం రోజుల నుంచి ఊరేగింపు అంటే ముందు నడిచే జిల్లా ఇది. జెండా ఏదైనా సరే, సభ పెడితే జనం వస్తారు, మైకు అందితే మాట్లాడతారు. 2007 జులై 28న ముదిగొండలో భూమి కోసం కదిలిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపి ఏడుగురి ప్రాణాలు తీసినప్పుడు ఊళ్లకు ఊళ్లు రోడ్డెక్కాయి. 2017 ఏప్రిల్ 28న ఖమ్మం మార్కెట్ యార్డులో మిర్చి ధర పడిపోయి రైతులు తిరగబడ్డారు. ఆ కేసులో పట్టుకున్న పదిమంది రైతుల చేతులకు మే నెలలో బేడీలు వేసి కోర్టుకు తెచ్చారు. ఆ ఫొటో బయటికి రాగానే జిల్లా భగ్గుమంది. పోలీసు అధికారులను సస్పెండ్ చేయక ప్రభుత్వానికి తప్పలేదు. మా తల్లాడ సెంటర్లో ఆ రోజు చాయ్ తాగుతూ కోపంతో ఊగిపోని మనిషి లేడు. బేడీలు పడింది మా చేతులకే అన్నట్టు మాట్లాడాం. మాట్లాడాల్సిందే కూడా.

అందుకే నేనిక్కడ రాస్తున్నది ఏమీ తెలియనివాళ్ల మౌనం గురించి కాదు. ఎక్కడ అరవాలో, ఎంత గట్టిగా అరిస్తే పైవాళ్లు దిగొస్తారో తెలిసినవాళ్ల మౌనం గురించి. తల్లాడ చుట్టుపక్కల రైతులం, వ్యాపారులం, టీచర్లం, పార్టీ కార్యకర్తలం, విలేకరులం ఏళ్ల తరబడి కలిసికట్టుగా దిగమింగిన మాటల గురించి. విమర్శ, ఆత్మవిమర్శ అని రాజకీయ తరగతుల్లో నేర్చుకున్న జిల్లా మాది. విమర్శ బాగా వంటబట్టింది. రెండోది ఎవరూ అడగలేదు కాబట్టి మేమూ చేయలేదు.

బేడీల ఫొటోకు మండిపడిన అదే 2017లో, సెప్టెంబరులో, తాడ్వాయి మండలం జలగలంచలో గొత్తికోయల గుడిసెలను అటవీ సిబ్బంది కూల్చేశారు. అడ్డొచ్చిన ఆడవాళ్లను చెట్లకు కట్టేశారని పత్రికలు రాశాయి. హక్కుల సంఘాలవాళ్లు వెళ్లారు, విషయం హైకోర్టు దాకా పోయింది. మా దగ్గర ఒక్క బ్యానర్ కట్టలేదు. బేడీలకు కదిలిన రైతు సంఘాలు, తాళ్లకు కదల్లేదు. రెండింటి మధ్యా గడిచింది నాలుగు నెలలే. అడిగితే మా దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది: అది వేరే జిల్లా, అది అడవి సంగతి, వాళ్లు ఇక్కడివాళ్లు కాదు.

ఇక్కడివాళ్లు కాదన్న మాట మేమే అనడం సిగ్గుచేటు. ఎందుకంటే మా మిరప వాళ్ల చేతుల మీదుగానే ఇంటికొస్తుంది.

సంక్రాంతి దాటాక తోటలు ఎర్రబడతాయి. తేజ రకం కాయ సన్నది, చెయ్యి తిరిగినవాళ్లకే కోత సాగుతుంది. ఊళ్లో కూలీలు చాలరు. మేస్త్రికి ఫోన్ చేస్తాం. ట్రాలీ ఆటోల్లో, ట్రాక్టర్లలో ఛత్తీస్‌గఢ్ నుంచి, మన అడవుల్లోని గొత్తికోయ గూడేల నుంచి కుటుంబాలకు కుటుంబాలు దిగుతాయి. చేల గట్ల మీద పరదాలు కట్టుకుంటారు, మోటారు షెడ్లలో పడుకుంటారు. కల్లం పక్కన పిల్లలు ఆడుకుంటుంటారు, కాస్త పెద్దవాళ్లయితే తల్లి పక్కన సాలు పట్టుకుని కాయ తెంపుతుంటారు. ఆ పిల్లలు ఏ బడి రిజిస్టరులోనూ ఉండరు. వాళ్ల చేతులు ఎలా మండుతాయో మాకు తెలుసు. మేమూ చిన్నప్పుడు కోశాం, రాత్రి కొబ్బరినూనె రాసుకుని ఏడ్చాం. కోత అయ్యాక లెక్క చూసి డబ్బిస్తాం. వాళ్లెక్కడికి పోతారో అడగం. మేస్త్రి నంబరు మాత్రం వచ్చే ఏటికి దాచుకుంటాం.

వాళ్లెందుకు వచ్చారో కూడా తెలియనిది కాదు. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక దంతెవాడ, బీజాపూర్ వైపు ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఇటు జుడుం, అటు మావోయిస్టులు, నడుమ ప్రాణాలు. శబరి దాటి, గోదావరి దాటి ఇవతలికొచ్చి అడవిలో గుడిసెలు వేసుకున్నారు. 2011 జులైలో సుప్రీంకోర్టు సల్వాజుడుం చెల్లదని తీర్పిచ్చింది. అప్పటికే కాలిపోయిన ఊళ్లకు చాలామంది తిరిగి పోలేకపోయారు. అక్కడ వాళ్లు షెడ్యూల్డ్ తెగ. సరిహద్దు ఇవతల తెలంగాణ వాళ్లను గిరిజనులుగా గుర్తించదు. అందువల్ల పోడు పట్టా రాదు, కుల ధ్రువపత్రం రాదు. ఇన్ని రావని తెలిసిన మాకు ఒక సంగతి బాగా కలిసొచ్చింది: కాగితం లేని మనిషి కూలి రేటు దగ్గర గట్టిగా మాట్లాడడు.

2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ నడుస్తుండగా ములుగు జిల్లా కన్నాయిగూడెం వైపు మిరప కోతకొచ్చిన పన్నెండేళ్ల పిల్ల ఒకటి, తోటివాళ్లతో కలిసి కాలినడకన బీజాపూర్ జిల్లాలోని ఇంటికి బయల్దేరింది. మూడు రోజులు అడవి దారిన నడిచింది. ఏప్రిల్ 18న, ఇల్లు ఇంకాస్త దూరంలో ఉందనగా ప్రాణం పోయింది. దేశమంతా ఆ వార్త చదివింది. ఆ పిల్ల మా తోటలో కోయలేదు నిజమే. కానీ ఆ వారం మా తోటల్లోనూ అదే వయసు పిల్లలున్నారు. మిర్చి రైతుల సంఘాలున్నాయి, వ్యాపారుల సంఘాలున్నాయి, కోల్డ్ స్టోరేజీల యజమానులున్నారు. యార్డు ఎప్పుడు తెరుస్తారు, స్టోరేజీలో చోటుందా, ధర నిలుస్తుందా అని రోజంతా ఫోన్లు మాట్లాడుకున్నాం. కోతకు పిల్లల్ని తీసుకురావద్దని ఏ సంఘమూ ఒక తీర్మానం చేయలేదు. కోత కూలీలను సొంత ఖర్చుతో ఇల్లు చేర్చే బాధ్యత రైతుదీ మేస్త్రిదీ అని ఎవరూ అనలేదు. మరుసటి జనవరిలో మళ్లీ మేస్త్రికి ఫోన్ చేశాం.

బయటినుంచి వచ్చినవాళ్లని ఒక వంక ఉంది, ఒప్పుకుందాం. మరి మా జిల్లావాళ్లే అయిన కోయల కోసం, కొండరెడ్ల కోసం ఏం మాట్లాడాం?

తల్లాడ నుంచి రెండు దార్లు పోలవరం ప్రాజెక్టు ముంపు ప్రాంతానికే పోతాయి. ఒకటి ఏన్కూరు, జూలూరుపాడు, కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం. ఇంకొకటి సత్తుపల్లి, అశ్వారావుపేట మీదుగా కుక్కునూరు, వేలేరుపాడు. శ్రీరామనవమికి మొదటి దారినే వెళ్లాం, కల్యాణం చూసి తలంబ్రాలు కొంగున కట్టుకుని తెచ్చుకున్నాం. భద్రగిరి మీద దేవుణ్ణి మొదట కొలిచింది పోకల దమ్మక్క అనే గిరిజన స్త్రీ అని పిల్లలకు కథ చెప్పాం. కార్తీకంలో వరరామచంద్రపురం మండలం పోచవరం రేవులో లాంచీ ఎక్కి పాపికొండలు చూశాం, పేరంటపల్లిలో గుడికి దణ్ణం పెట్టుకుని కొండరెడ్లు వెదురుతో చేసిన పూలు కొనుక్కున్నాం. కూనవరం దగ్గర శబరి వచ్చి గోదావరిలో కలిసేచోట ఫొటోలు దిగాం. ఆ ఊళ్లు మునుగుతాయని లాంచీ సరంగు చెబుతూనే ఉన్నాడు. అయ్యో అనుకున్నాం, భోజనాల బుట్ట తెరిచాం.

2014 మే 29న ఆర్డినెన్స్ వచ్చింది. పోలవరం ముంపు పేరిట చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు, బూర్గంపాడులో కొన్ని ఊళ్లు, భద్రాచలం మండలంలో పట్టణం తప్ప మిగతాది ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. తెలంగాణ రాష్ట్రం పుట్టడానికి ఇంకా నాలుగు రోజులుంది. ఆర్డినెన్స్‌కు నిరసనగా బంద్ జరిగిన రోజున మేమూ షట్టర్లు దించాం. జూన్ 2న టపాకాయలు కాల్చాం, మిఠాయిలు పంచుకున్నాం. జులై 11న లోక్‌సభ, 14న రాజ్యసభ ఆ ఆర్డినెన్స్ స్థానంలో తెచ్చిన సవరణ బిల్లును ఆమోదించేసరికి మా దగ్గర నాట్ల పని మొదలైంది. బంద్ చేశాం కదా అని ఆ ఒక్క పూట లెక్క చూపించి ఇన్నేళ్లూ తప్పించుకున్నాం. ఏజెన్సీలో కోయలు దీక్షల్లో కూర్చుంటే, పందిరి కిందికి మేం కనీసం ఒక బస్సు వేసుకుని వెళ్లలేదు. ఖమ్మంలో ముఖ్యమంత్రి సభకు ఊరికి ఎన్ని బస్సులు పంపామో అందరికీ గుర్తుంది.

"అవి మొదట్నుంచీ వాళ్లవే కదండీ" అన్నాడు మాలో ప్రతి రెండోవాడు. పైకి వినడానికి చరిత్ర తెలిసిన మాటలా ఉండేది. భద్రాచలం, చింతూరు వైపు ప్రాంతం 1959 దాకా తూర్పుగోదావరి జిల్లాలో ఉన్నమాట నిజం. కుక్కునూరు, వేలేరుపాడు నిజాం ఏలుబడిలోవి. అవి ఏనాడు వాళ్లవయ్యాయి? ఇంతకూ "వాళ్లు" అన్నప్పుడు మా మనసులో ఉన్నది కోయలు కాదు, కొండరెడ్లు కాదు. రాజమండ్రివాళ్లు, ఏలూరువాళ్లు. ఆ నేల మీద బతికేవాళ్లది ఆ నేల అనే ఊహ మా లెక్కలోకే రాలేదు. 1950లో చింతూరులో పుట్టిన మనిషి ఇల్లు కదలకుండానే మద్రాసు రాష్ట్రంలో, ఆంధ్ర రాష్ట్రంలో, ఆంధ్రప్రదేశ్‌లో, ఖమ్మం జిల్లాలో, మళ్లీ విడిపోయిన ఆంధ్రప్రదేశ్‌లో బతికాడు. ఇన్నిసార్లలో ఏ ఒక్కసారీ అతని ఇష్టం ఏమిటని అడగలేదు. ఆఖరుసారి అడగమని చెప్పాల్సింది పక్కనున్న మేం.

ఆ తర్వాత జరిగింది ఇంకా ఘోరం. ఆ మండలాలవాళ్లు 2014 ఏప్రిల్ 30న తెలంగాణ శాసనసభకు ఓటేశారు. నెల తిరిగేసరికి వాళ్లు ఆంధ్రప్రదేశ్ ప్రజలయ్యారు. వాళ్లెన్నుకున్న ఎమ్మెల్యే ఒక శాసనసభలో, వాళ్ల ఊళ్లు ఇంకో రాష్ట్రంలో. 2018లో రంపచోడవరం, పోలవరం నియోజకవర్గాల్లో కలిపి, 2019 ఏప్రిల్‌లో ఓటు వేయించేదాకా వాళ్లను పాలించే ప్రభుత్వాన్ని నిలదీసే ఎమ్మెల్యే ఒక్కడూ వాళ్లకు లేడు. సరిగ్గా పరిహారాల జాబితాలు, ఊళ్ల ఖాళీలు, పునరావాస కాలనీల నిర్ణయాలు జరిగిన ఏళ్లవి. భద్రాచలం నుంచి గెలిచిన సున్నం రాజయ్య సొంతూరు సున్నంవారిగూడెం వరరామచంద్రపురం మండలంలోది. ఆయన ఇల్లు ఆంధ్రాలో, ఆయన కుర్చీ హైదరాబాద్‌లో. మూడుసార్లు ఎమ్మెల్యేగా చేసి ఆటోల్లో, బస్సుల్లో తిరిగిన మనిషి. 2020 ఆగస్టులో కరోనాతో పోయేదాకా ముంపు జనం గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. ఖమ్మం జిల్లాలో అప్పుడు పదిమంది ఎమ్మెల్యేలు. మిగతా తొమ్మిదిమందినీ ఈ ఒక్క ప్రశ్న మీద నిలబెట్టి అడిగే పని ఓటర్లుగా మాది. సీసీ రోడ్డు అడిగాం, డబుల్ బెడ్రూం అడిగాం, కల్యాణ మండపం అడిగాం.

అసలు ఆ రోజుల్లో మేం ఏమీ మాట్లాడలేదనడం కూడా సరికాదు. సీలేరు గురించి మాట్లాడాం. చింతూరు మండలంలోని దిగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రం 460 మెగావాట్లది, అది పోయిందని టీవీ చర్చల్లో, రచ్చబండల్లో బాధపడ్డాం. కొత్త రాష్ట్రానికి కరెంటు కొరత, మోటార్లు కాలుతున్నాయి, బాధ నిజమే. కానీ 460 అనే అంకె మా నోట ఎన్నిసార్లు వచ్చిందో, ఆ మండలాల్లో ఎంతమంది జనం ఉన్నారన్న అంకె అన్నిసార్లు రాలేదు. నిజం చెప్పాలంటే ఆ అంకె మాలో చాలామందికి తెలియదు. కరెంటు మాది అనుకున్నాం, మనుషులు మావాళ్లనుకోలేదు.

2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత నీరు చూడలేదు. చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. జనం కొండలెక్కి పరదాల కింద గడిపారు. పోలవరం కట్టడం వల్లే వెనక్కి ఇంత నీరు తన్నిందని వాళ్లన్నారు. తొలిదశ పునరావాసాన్ని 41.15 మీటర్ల కాంటూరు దాకానే లెక్కగట్టారు, ఆ గీతకు పైనున్నాయన్న ఊళ్లూ మునిగాయని మొత్తుకున్నారు. ప్రాజెక్టు పూర్తి మట్టం 45.72 మీటర్లు. అంటే మునిగిన ఇంటికి పరిహారం రావాలంటే ముందు అది ఆ గీత కింద ఉండాలి.

ఆ వరద భద్రాచలం పట్టణంలోకి, గుడి చుట్టుపక్కల వీధుల్లోకి వచ్చింది కాబట్టి అప్పుడు మా జిల్లా నోరు తెరిచింది. ఏమని? ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు, ఈ ఐదు ఊళ్లూ వెనక్కి ఇవ్వాలని. ఆ ఊళ్లవాళ్లు కోరుకున్నదీ అదే, వాళ్ల కోరిక న్యాయమైనది. కానీ మిగతావాటి మాట ఎందుకెత్తలేదు? ఆ ఐదూ భద్రాచలాన్ని ఆనుకుని ఉన్నాయి. రాములవారి భూములు పురుషోత్తపట్నంలో ఉన్నాయి. పట్టణం చెత్త పోసుకోవడానికి కూడా చోటు మిగల్లేదు. దుమ్ముగూడెం పోవాలంటే ఇంకో రాష్ట్రం దాటాలి. మాకు పనికొచ్చే ఊళ్లను అడిగాం. కూనవరం, వేలేరుపాడు గురించి అడగడం మానేశాం. 2022లోనే కొత్త జిల్లాలు చేసి ఎటపాక, చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం మండలాలను పాడేరు కేంద్రంగా ఉన్న అల్లూరి సీతారామరాజు జిల్లాలో పెట్టారు. అప్పుడు భద్రాచలం పక్కనుండే కోయ రైతు కలెక్టరుకు అర్జీ ఇవ్వాలంటే తూర్పు కనుమలు దాటాల్సి వచ్చింది. ఒడిశా 2007లోనే పోలవరం మీద సుప్రీంకోర్టుకు వెళ్లింది. తమ భూమి మునుగుతుందని పక్క రాష్ట్రానికి తెలిసింది. తమ మనుషులు మునుగుతున్నారని పక్క మండలాలకు తెలియలేదంటే ఎవరు నమ్మాలి?

ఎందుకిలా చేశామని నన్ను నేను చాలాకాలంగా అడుగుతున్నాను. మొదటి కారణం చుట్టరికం. తల్లాడ, కల్లూరు, సత్తుపల్లి, మధిర వైపు ఇళ్లకు కృష్ణా, పశ్చిమగోదావరి జిల్లాలతో పెళ్లి సంబంధాలు ఎక్కువ. ఒకరి బావమరిది పొలం కృష్ణా డెల్టాలో, ఇంకొకరి అల్లుడిది ఏలూరు దగ్గర. పోలవరం కుడి కాలువ 80 టీఎంసీల గోదావరి నీటిని కృష్ణా వైపు మళ్లిస్తుంది. ఆ నీళ్లు మా వియ్యంకుల పొలాలకు. పోలవరం వల్ల మనుషులు చచ్చిపోతున్నారని పెళ్లి పందిట్లో ఎవరంటారు? ఇటువైపు తెలంగాణ ఉద్యమంలో తిరిగినవాళ్లున్నారు. ముంపు మండలాల పేరెత్తితే వచ్చిన రాష్ట్రానికి ఎక్కడ మెలిక పడుతుందోనని వాళ్లూ పెదవి విప్పలేదు. ఒకే ఇంట్లో తండ్రి డెల్టా కోసం, కొడుకు తెలంగాణ కోసం నోరు కట్టుకున్నారు. మాకు రెండు రాష్ట్రాల్లోనూ చుట్టాలున్నారు. కోయల ఇంట్లో మా పిల్లనివ్వలేదు, వాళ్ల పిల్లను తెచ్చుకోలేదు. చుట్టరికం లేనిచోట మాకు నొప్పి తెలియలేదు.

రెండో కారణం చెప్పడం కష్టం. అది భూమి.

షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనుల భూమి గిరిజనేతరులకు బదిలీ కాకూడదని 1959లో చట్టం చేశారు. 1970 సవరణ దాన్ని ఇంకా బిగించింది. దాన్నే మేం 1/70 అంటాం. గిరిజనేతరుడు గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, కాదని అతను రుజువు చేసుకునేదాకా అది గిరిజనుడి దగ్గర నుంచి వచ్చిందనే అనుకోవాలి. ఇంత గట్టి చట్టం ఎక్కడా ఉండదేమో. అయినా మైదానం నుంచి వెళ్లి అక్కడ పత్తి, మిరప, పామాయిల్ వేసినవాళ్లు ఎంతమంది లేరు? పాలేరు పేరున పట్టా, పంట మాది. వెయ్యి రూపాయల అప్పుకు తెల్లకాగితం మీద వేలిముద్ర, పాతికేళ్ల సాగు. గిరిజనుడి బ్యాంకు పాసుబుక్కు మా బీరువాలో. అందరం చేశామనడం లేదు. అందరికీ తెలుసు. ఎవరిది ఎన్ని ఎకరాలు, ఎవరి పేరు మీద ఉంది, పంట ఎవరింటికి వస్తుంది అనేది ఊళ్లో ప్రతివాడికీ తెలుసు. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు "ఏజెన్సీలో పదెకరాలుంది" అని గొప్పగా చెప్పుకుంటాం కూడా. ముంపు గిరిజనుడికి భూమికి భూమి ఇవ్వాలని గట్టిగా అంటే, ముందు నీ కింద ఉన్నది ఇవ్వు అని వాడు అంటాడు. ఆ ప్రశ్న రాకుండా ఉండాలంటే అసలు నోరు విప్పకూడదు. మా మౌనానికి ఇది పునాది. మిగతావన్నీ పైన కట్టుకున్న గోడలు.

ఇలా మౌనంగా ఉన్నవాళ్లం 2022 నవంబరులో ఒక్కసారిగా మాట్లాడాం. చండ్రుగొండ మండలం బెండాలపాడు అడవిలో పోడు భూమిలో నాటిన మొక్కల గొడవలో ఫారెస్టు రేంజ్ అధికారి శ్రీనివాసరావును నవంబరు 22న చంపేశారు. అది హత్య. ఉద్యోగం చేస్తున్న మనిషి ప్రాణం పోయింది, ఆయన కుటుంబం దిక్కులేనిదయింది. దోషులు ఇద్దరికి కోర్టు యావజ్జీవం వేసింది. ఆ దుఃఖంలో ఎవరికీ రెండో మాట ఉండకూడదు. కానీ ఆ వారం మా నోళ్లలోంచి వచ్చినవి దుఃఖపు మాటలే కాదు. గొత్తికోయలందర్నీ తరిమెయ్యాలన్నాం. వాళ్లందర్నీ ఛత్తీస్‌గఢ్ పంపాలని అక్కడి గ్రామ పంచాయతీ తీర్మానమే చేసింది. ఇద్దరి నేరానికి ఒక జాతి మొత్తాన్ని ఊరినుంచి వెళ్లగొట్టొచ్చని మేం తేలిగ్గా ఒప్పుకున్నాం. పదిహేనేళ్లుగా ఆ గుడిసెల గురించి ఒక్క న్యాయమైన మాట అని ఉంటే, అటవీ శాఖకూ వాళ్లకూ మధ్య కూర్చుని మాట్లాడగల పెద్దమనుషులు ఎవరైనా మాలో ఉండేవారు. ఏ పట్టాకూ అర్హత లేని మనుషులకు ఏదో ఒక దారి చూపమని ప్రభుత్వాన్ని అడిగి ఉండేవారు. ఆ నడుమ చోటును ఖాళీగా వదిలేసింది మేమే. ఆ తీర్మానం జరిగిన రెండు నెలలకు మిరప కోత మొదలైంది. తరిమెయ్యాలన్నవాళ్లే మేస్త్రికి ఫోన్ చేశారు. గొత్తికోయలూ వచ్చారు, వేరే గతి లేక.

ఇప్పుడు గోదావరి మా దగ్గరికే వస్తోంది. 2024 ఆగస్టు 15న సీతారామ ఎత్తిపోతల పంపులు ప్రారంభించి ముఖ్యమంత్రి వైరాలో సభ పెట్టారు. ఏన్కూరు లింకు కాలువ గోదావరి నీళ్లను నాగార్జునసాగర్ ఎడమ కాలువకు కలపడానికే. సాగర్‌లో నీళ్లు లేని ఏడు మా చేలు ఎలా ఎండుతాయో చూసినవాణ్ని, ఈ నీళ్లు రావద్దని నేనెలా అంటాను? రావాలి. కానీ ఆ నీళ్లు అశ్వాపురం, ములకలపల్లి ఏజెన్సీ గుండా నడిచి వస్తున్నాయి. కాలువ కింద ఎవరి చెలక పోయింది, పరిహారం పట్టాదారుకు అందిందా, సాగు చేసేవాడికి అందిందా, పట్టా లేని పోడుకు ఏమిచ్చారు అని ఆయకట్టు రైతులుగా మేం అడగాలి. సాగర్ కట్టినప్పుడు మునిగిన ఊళ్లవాళ్లు ఎక్కడికి పోయారో మా తాతలు అడగలేదు. ఎడమ కాలువ నీళ్లతో మా నాన్నలు మమ్మల్ని చదివించారు. చదువుకున్నవాళ్లం మేం.

పోలవరం నిర్వాసితులు లక్ష కుటుంబాలకు పైమాటే. 2024 నాటికి కూడా వాళ్లలో ఎక్కువమందికి పునరావాసం పూర్తికాలేదు. ఆలస్యమైపోయిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఖాళీ కాని ఊళ్లున్నాయి, తేలని జాబితాలున్నాయి. ప్రతి వరదకూ కొండెక్కే జనం ఉన్నారు. తల్లాడ రైతు సంఘం నుంచి కూనవరానికి పోవడానికి ఒక్క పూట ప్రయాణం. వాళ్లు వేరే రాష్ట్రంలో ఉన్నారని చెప్పేవాడికి, అదే రాష్ట్రానికి ఎరువుల కోసం, వైద్యం కోసం, సంబంధాల కోసం వారానికోసారి పోతున్నామని గుర్తుచేయాలి.

అయితే అక్కడికి ఖాళీ చేతులతో పోయి సానుభూతి చెప్పే అర్హత మాకు లేదు. ముందు ఇక్కడ ఒక పని ఉంది. ఏజెన్సీలో ఏ సర్వే నంబరు ఏ గిరిజనుడి పేరున ఉంది, దాన్ని మా ఊళ్లో ఎవరు దున్నుతున్నారు అనే జాబితా తయారు చేయడానికి ఏ కమిషనూ రానక్కర్లేదు. పదిమంది రైతులు ఒక సాయంత్రం కూర్చుంటే చాలు, అందరికీ అన్నీ నోటికొచ్చు. రాబోయే సంఘం సమావేశంలో ఎజెండా మొదటి అంశంగా ఆ జాబితా చదవాలని రాసిచ్చాను. అందులో మా చిన్నాన్న పేరుంది, మా పెద్దమ్మ కొడుకు పేరుంది. ఇద్దరికీ ఇంటికెళ్లి చెప్పొచ్చాను, వాళ్ల పేర్లు నేనే చదువుతానని.